జీతమెంత? ఊరేది?

ఏటా జనవరి నెలాఖరులో ఒక రోజున అమెరికాలోని దంతవైద్య కళాశాలల్లో నాలుగో సంవత్సరం విద్యార్థులకు పాఠం తలకెక్కదు. ఆనాడు ఒక కంప్యూటరు వారి మరుసటి సంవత్సరాన్ని నిర్ణయించి, ఫలితాన్ని ఒక్క వాక్యంలో తెలియజేస్తుంది: ఫలానా ఊరు, ఫలానా ఆసుపత్రి. ఆ వాక్యం వెలువడిన తరువాత మనసు మార్చుకునేందుకు వీలు లేదు. వచ్చిన చోటికి వెళ్లి తీరాలి.

ఆ వాక్యానికి ముందు ఎన్నో వారాల మల్లగుల్లాలు సాగి వుంటాయి. విద్యార్థి తాను చూసివచ్చిన ఆసుపత్రులను వరుసగా ఒక జాబితాలో పేర్చి పంపాలి. అన్నిటికంటె యిష్టమైనది మొదట, తరువాతది రెండవది, అలాగ. ఆ జాబితా తయారుచేసే కాగితం మీద ఎడమవైపున సాధారణంగా కనిపించే అంకె ఒకటే, అది స్టైపెండు. ఒక ఆసుపత్రి ఏటికి 75,000 డాలర్లిస్తుంది. మరొకటి 55,000. ఇంకొక విశ్వవిద్యాలయం పైసా ఇవ్వకపోగా తనకే ఎదురు ఫీజు కట్టమంటుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడికి జవాబు చాలా సులభమనిపిస్తుంది. ఆ సులభమైన జవాబు తరచు తప్పవుతుంది. ఎడమవైపు అంకెకు కుడివైపున ఊరి పేరు రాస్తేగాని దాని అర్థం తెలియదు.

వైద్యశిక్షణలో 'రెసిడెంటు' అన్న మాటకు అసలు అర్థం నివాసి అని. బాల్టిమోరు నగరంలో 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచినప్పుడు విలియం ఆస్లరు, విలియం హాల్‌స్టెడ్ వంటి మహావైద్యులు యువవైద్యులకు శిక్షణ యిచ్చే పద్ధతి నొకదానిని నెలకొల్పారు. ఆ యువకులు ఆసుపత్రిలోనే కాపురముండేవారు. గది ఆసుపత్రిది, భోజనం ఆసుపత్రిది, బట్టలు ఉతికించేది కూడా ఆసుపత్రే. చేతికి వచ్చే డబ్బు నామమాత్రం. ఒక విధంగా అప్పట్లో బ్రతుకు ఖర్చే జీతం. ఆసుపత్రి ఏ ఊళ్లో వున్నా నివాసికి ఒక్కటే. నేడు ఆ పేరు మిగిలింది గాని ఆ గది పోయింది. ఆసుపత్రి డబ్బు చేతిలో పెట్టి, గదిని బయట బజారులో వెదుక్కోమంటుంది. ఆ బజారు న్యూయార్కులో ఒక రకం, మెంఫిస్‌లో మరొక రకం. అక్కడ పుట్టింది యీ చిక్కంతా.

మూడు రకాల లెక్క

అమెరికాలో దంతవైద్యుడు కావడానికి డిగ్రీ తరువాత నాలుగేళ్ల దంతవైద్య విద్య పూర్తిచేయాలి. అంతటితో అనేక రాష్ట్రాలలో లైసెన్సు పొంది వైద్యం ఆరంభించవచ్చు. ఎం.బి.బి.యస్.తో సమానమైన చదువు ముగించిన వైద్యునికి మాదిరిగా రెసిడెన్సీ తప్పనిసరి కాదు. న్యూయార్కు రాష్ట్రం మాత్రం 2007 నుంచి ఏడాది రెసిడెన్సీని లైసెన్సుకు షరతుగా పెట్టింది. డెలావేరు రాష్ట్రంలోను అటువంటి నియమమే వుంది. మిగిలినచోట్ల ఆ ఏడాదిని యువకులు తమంతట తామే ఎంచుకుంటారు. అంటే, వెంటనే సంపాదనలోకి దిగగల అవకాశం చేతిలో పెట్టుకుని, తక్కువ స్టైపెండుకు మరొక సంవత్సరం నేర్చుకోవడానికి సిద్ధపడతారు. అమెరికా కార్మికశాఖ లెక్కల ప్రకారం 2024లో దంతవైద్యుల మధ్యస్థ వార్షికాదాయం 1,79,000 డాలర్లకు పైచిలుకు. చదువు ముగించగానే అంత రాకపోవచ్చు గాని, రెసిడెంటుకు వచ్చేదానికన్న తప్పక ఎక్కువే వస్తుంది. కనుక ఎంత హెచ్చు స్టైపెండు వచ్చినా అది లాభం కాదు. వదులుకున్న ఆదాయంలో ఎంత భాగం తిరిగి వచ్చిందన్నదే లెక్క.

సాధారణ దంతవైద్యంలో రెసిడెన్సీలు ముఖ్యంగా రెండు. జి.పి.ఆర్. అనేది ఆసుపత్రిలో జరిగేది. క్యాన్సరు రోగులు, గుండె మార్పిడికి వేచివున్నవారు, అర్ధరాత్రి దవడ వాచి అత్యవసర విభాగానికి వచ్చినవారు యిక్కడి రోగులు. రాత్రి కాపలా వుంటుంది. ఏ.ఇ.జి.డి. అనేది ఎక్కువగా దంతకళాశాలలోనో, క్లినిక్కులోనో జరుగుతుంది. అక్కడ కిరీటాలు, వంతెనలు, ఇంప్లాంట్ల వంటి పనులకు ఎక్కువ కాలం దొరుకుతుంది. రెండూ సాధారణంగా ఒక సంవత్సరం. నిపుణత కోరేవారి లెక్క వేరు. పిల్లల దంతవైద్యానికి రెండేళ్లు, పళ్లవరుస సరిచేసే ఆర్థోడాంటిక్సుకు రెండు నుంచి మూడేళ్లు, చిగుళ్ల వైద్యానికి మూడేళ్లు. ముఖ, దవడల శస్త్రచికిత్సకు నాలుగేళ్లు, వైద్యపట్టా కూడా కలిపి తీసుకుంటే ఆరేళ్లు.

ఈ శాఖలలో డబ్బు ప్రవాహం ఒకే దిక్కుకు సాగదు. జి.పి.ఆర్.లలోను, దవడ శస్త్రచికిత్సలోను ఆసుపత్రి సాధారణంగా జీతమిస్తుంది. పిల్లల దంతవైద్యంలో జీతమిచ్చేవీ వున్నాయి, ఫీజు పుచ్చుకునేవీ వున్నాయి. ఆర్థోడాంటిక్సు, పంటి వేరు చికిత్స వంటి శాఖల్లో అనేక విశ్వవిద్యాలయాలు రెసిడెంటు దగ్గరనే ఏటా వేలకు వేల డాలర్లు వసూలు చేస్తాయి. అంటే రెసిడెంటు అన్న ఒకే పేరుతో ఒకడు ఉద్యోగి, ఇంకొకడు విద్యార్థి, మరొకడు ఆ రెండింటికీ నడుమ.

ఎందుకింత తేడా? దీనికి కారణం పళ్లలో లేదు, ప్రభుత్వ ఖజానాలో వుంది. వృద్ధుల వైద్యవ్యయం భరించడానికి అమెరికా 1965లో మెడికేరు పథకాన్ని నెలకొల్పింది. శిక్షణ యిచ్చే ఆసుపత్రులకు ఆ పథకం కొంత మొత్తం చెల్లిస్తుంది. ఒక్కొక్క రెసిడెంటుకు యింత అని ఆ మొత్తంలో ఒక భాగాన్ని నిర్ణయించడానికి ప్రతి ఆసుపత్రి 1984 ప్రాంతంలో శిక్షణకు చేసిన ఖర్చును పునాదిగా తీసుకున్నారు. నాడు ఖర్చు ఎక్కువ చూపిన ఆసుపత్రికి నేటికీ తలకు ఎక్కువ వస్తుంది. ఆ యేడు పుట్టనైనా పుట్టని యువకుల చదువు వెనుక నాటి చిట్టాలు యింకా పనిచేస్తూనే వున్నాయి.

తరువాత 1997లో ఖర్చు తగ్గించే చట్టమొకటి వచ్చింది. వైద్య రెసిడెంట్ల సంఖ్య ఆనాటికి ఎంత వుందో అంతకు మించి ఆసుపత్రికి డబ్బివ్వరాదని హద్దు గీసింది. దంతవైద్య రెసిడెంట్లను మాత్రం ఆ హద్దునుంచి మినహాయించింది. కనుక ఆసుపత్రులు దంతవైద్య స్థానాలను పెంచుకోగలిగాయి, వాటికి జీతాలూ ఇవ్వగలిగాయి. వినడానికి చిత్రంగా తోచే సంగతి మరొకటి వుంది. సాధారణ దంతచికిత్సకు మెడికేరు పథకం దాదాపు ఏమీ చెల్లించదు. వృద్ధుని పన్ను పీకడానికి డబ్బివ్వని పథకం, ఆ పన్ను పీకడం నేర్చుకునేవాడికి జీతమిప్పిస్తుంది.

ఆసుపత్రితో సంబంధం లేని కళాశాల క్లినిక్కులకు ఈ ఆధారం దొరకడం కష్టం. రోగులిచ్చే రుసుము, రెసిడెంటు కట్టే ఫీజు, వీటితోనే అవి నడవాలి. బీదవాడలలోని ఆరోగ్యకేంద్రాల్లో శిక్షణ యిచ్చేందుకు 2010 నాటి ఆరోగ్యచట్టం కింద వేరే నిధి ఏర్పడింది. దాని కింద సాధారణ దంతవైద్యానికి, పిల్లల దంతవైద్యానికి కూడా స్థానాలున్నాయి.

రెండు ఊళ్ల చిట్టా

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒంటరిగా వున్న ఒక యువతి ఎదుట రెండు అవకాశాలున్నాయనుకుందాం. న్యూయార్కు నగరంలో 75,000 డాలర్లు, టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో 55,000. తేడా 20,000 డాలర్లు. ఇందులో ఎంత చేతికి వస్తుంది?

న్యూయార్కువాసి నలుగురికి చెల్లించుకోవాలి. కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను మొదటిది. సాంఘిక భద్రత, మెడికేరులకు జీతంలో 7.65 శాతం రెండవది. రాష్ట్రపు పన్ను మూడవది. నాల్గవది, ఎక్కువమందికి తెలియనిది, నగరపు పన్ను. న్యూయార్కు నగరం తన నివాసుల ఆదాయం మీద తానే విడిగా పన్ను వేస్తుంది. 2025 సంవత్సరపు రేట్ల ప్రకారం లెక్కవేస్తే యీ నాలుగూ కలిసి సుమారు 19,700 డాలర్లవుతాయి. మిగిలేది 55,300, అంటే నెలకు 4,610. టెన్నెసీలో జీతం మీద రాష్ట్రపు పన్ను లేదు, నగరపు పన్నూ లేదు. అక్కడ 55,000కు పన్నులు పోగా సుమారు 46,300 మిగులుతుంది, నెలకు 3,860. కాగితం మీద 20,000 వున్న తేడా చేతికి వచ్చేసరికి 9,000 అయింది. నెలకు 750.

ఇక అద్దె. మన్‌హాటన్‌లో ఒక పడకగది ఇల్లు ఒంటరిగా తీసుకోవాలంటే నెలకు 4,000 డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. అది రెసిడెంటుకు అందని మాట. స్తోమత సంగతి అటుంచి, యజమానే ఒప్పుకోడు. న్యూయార్కు ఇళ్లవారికి ఒక ఆచారముంది. అద్దెకు వచ్చేవాని ఏటి ఆదాయం నెల అద్దెకు 40 రెట్లుండాలి. 75,000ను 40తో భాగిస్తే 1,875. అంతకు మించిన యింట్లో దిగాలంటే పూచీ పడేవారు ఒకరు కావాలి, ఆ పూచీదారుకు అద్దెకు 80 రెట్ల ఆదాయముండాలని అడగడం రివాజు. 1,875 డాలర్లలో అక్కడ విడి ఇల్లు దొరకడం గగనం. ఇంట్లో ఒక గది వాటాగా దొరుకుతుంది.

ఆ వాటా గదికి క్వీన్సులోనో, బ్రాంక్సులోనో 1,500 అనుకుందాం. భూగర్భ రైళ్లకు, బస్సులకు నెలకు 150. తిండికి 600. కరెంటు, ఫోను వగైరాలకు 200. 4,610లో మిగిలేది 2,160. మెంఫిస్‌లో విడి ఇల్లే 1,050కి వస్తుందనుకుందాం. తిండికి 450, చిల్లరకు 200. కాని కారు లేకుండా ఆ ఊళ్లో ఉద్యోగం చేయలేము. వాయిదా, బీమా, పెట్రోలు కలిపి 700 వేయవలసి వుంటుంది. మిగిలేది 1,460.

అయితే న్యూయార్కే మేలన్నమాట! తొందరపడరాదు. ఆ యువతి ముక్కూమొహం తెలియని యిద్దరితో ఒకే వంటయింట్లో వుండలేననుకుంటే, మన్‌హాటన్‌కు దూరంగా 2,800కు విడి ఇల్లు తీసుకుంటే, పూచీదారు దొరికినప్పటికీ, నెలాఖరుకు 860 మాత్రమే మిగులుతుంది. మెంఫిస్ గెలిచింది. ఆమెకు పెళ్లయి, భర్తకు న్యూయార్కులో వుద్యోగం వుంటే లెక్క మళ్లీ తారుమారు. ఒక పసిబిడ్డ వుంటే, ఆ నగరంలో పిల్లల సంరక్షణాలయానికి నెలకు 2,000 డాలర్లకు పైనే పోయాలి. నలుగురు స్నేహితులూ ఒకే ఆసుపత్రి పేరు చెప్పి 'మంచి జీతం' అంటున్నారంటే, వారు నలుగురూ గదులు పంచుకునే ఒంటరివాళ్లేమో ముందు కనుక్కోవాలి. ఊరి ధరలకన్న మనిషి కాపురపు తీరే యీ లెక్కను ఎక్కువగా తిప్పుతుంది.

ధరల తారతమ్యాన్ని కొలిచేందుకు అమెరికా వాణిజ్యశాఖ ఏటా ఒక పట్టిక వేస్తుంది. దేశపు సగటును 100గా తీసుకుంటే కాలిఫోర్నియా 112 దాకా, ఆర్కాన్సా, మిసిసిపీ వంటివి 87 దరిదాపుల్లో వుంటాయి. అంటే ఆర్కాన్సాలో 55,000 చేసే పని కాలిఫోర్నియాలో 70,000 దాకా వుంటేగాని జరగదు. మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ జీవనవేతన లెక్క జిల్లా జిల్లాకు ఖర్చు చూపుతుంది. ఇవి మంచి సాధనాలే. కాని రెసిడెంటు సగటు కుటుంబీకుడు కాడు. అతడు ఆసుపత్రికి దగ్గరగానే వుండి తీరాలి, రాత్రి పిలుపు వస్తే త్వరగా చేరుకోవాలి. ఊరి సగటు అద్దె ఎంతయినా, ఆసుపత్రి చుట్టుపక్కల అద్దె ఎంతన్నదే అతడికి ముఖ్యం.

కొన్ని న్యూయార్కు ఆసుపత్రులు రెసిడెంట్ల కోసం బజారుకన్న తక్కువకు ఇళ్లు కేటాయిస్తాయి. అది 1889 నాటి గదికి ఆఖరి వారసత్వం. ఈ ఒక్క సదుపాయం 10,000 డాలర్ల అదనపు జీతంతో సమానం కావచ్చు. కాని దరఖాస్తు చేసేవారిలో చాలామంది దాన్ని అడిగి తెలుసుకోరు, స్టైపెండు గడిలో ఆ సంగతి కనిపించదు. భోజనపు చీట్లు, ఆరోగ్యబీమా, సెలవులు, ప్రయాణ భత్యం కూడా అటువంటివే.

అప్పు అనే మూడవ గడి

ఎడమవైపు జీతం, కుడివైపు ఊరు. కాగితం అడుగున మూడో గడి వుంటుంది, అది అప్పు. అమెరికాలో అప్పుచేసి దంతవైద్యం చదివినవారి సగటు రుణం 3,00,000 డాలర్ల చుట్టుపక్కల వుంది. ఇది సగటు మాత్రమే, ప్రైవేటు కళాశాలల నుంచి 5,00,000తో బయటపడేవారూ వున్నారు. 2025-26లో పట్టభద్రుల కేంద్రప్రభుత్వ రుణాలపై వడ్డీ 7.94 శాతం. కొన్ని పాత సంవత్సరాల రుణాలపై కొంత తక్కువ. సగటున 7 శాతమని తీసుకున్నా 3,00,000 మీద ఏటికి 21,000 డాలర్లు వడ్డీ. నెలకు 1,750.

ఇప్పుడు పై చిట్టాను మళ్లీ చూడాలి. మెంఫిస్‌లో మిగిలిన 1,460 గాని, న్యూయార్కు విడియింటిలో మిగిలిన 860 గాని ఆ వడ్డీకి సరిపోవు. రెసిడెన్సీ జరిగినంతకాలం అప్పు తగ్గకపోగా పెరుగుతుంది. కిస్తీలను వాయిదా వేసుకునే హక్కు దంతవైద్య రెసిడెంట్లకుంది. వాయిదా వేసినా వడ్డీ ఆగదు. ఆదాయాన్ని బట్టి కట్టే పథకంలో చేరితే నెలకు కొన్ని వందల డాలర్లు కడితే సరిపోతుంది.

ఆ కొన్ని వందల కిస్తీలకు మరొక ప్రయోజనముంది. 2007లో వచ్చిన ప్రజాసేవా రుణమాఫీ చట్టం ప్రకారం, లాభాపేక్ష లేని సంస్థలోనో ప్రభుత్వంలోనో పనిచేస్తూ 120 నెలసరి కిస్తీలు కట్టినవారికి మిగిలిన కేంద్రరుణం రద్దవుతుంది. ఆసుపత్రి లాభాపేక్ష లేనిదయితే రెసిడెన్సీ కాలమూ లెక్కకు వస్తుంది. దవడ శస్త్రచికిత్సలో ఆరేళ్లు గడిపేవారికి యిది గణనీయమైన మేలు. అయితే ఆ ఆరేళ్లలో వైద్యకళాశాలలో గడిపే భాగానికి తరచు ఫీజు కట్టవలసి వస్తుందని, ఆ సమయంలో జీతం వుండకపోవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి. ఏడాది రెసిడెన్సీ ముగించి సొంత క్లినిక్కు పెట్టుకోదలచినవారికి 12 కిస్తీల లెక్కతో ఒరిగేది లేదు. ఆసుపత్రి ప్రతినిధులు రుణమాఫీ పేరెత్తి ఊరించినప్పుడు, ఆ తరువాత తొమ్మిదేళ్లు తామెక్కడ పనిచేయబోతున్నామో యువకులు ఆలోచించుకోవడం మంచిది.

అప్పు తెచ్చుకునే దారి కూడ మారుతోంది. 2025 జులైలో వచ్చిన చట్టం, 2026 జులై నుంచి కొత్తగా రుణం తీసుకునే వృత్తివిద్యార్థులకు ఏటికి 50,000 డాలర్లు, మొత్తంమీద 2,00,000 డాలర్లు హద్దుగా నిర్ణయించింది. ఫీజు పుచ్చుకునే రెసిడెన్సీలకు యిది పెద్ద దెబ్బ. కళాశాల చదువులోనే ఆ హద్దును తాకినవాడు, ఫీజు కట్టి ఆర్థోడాంటిక్సు నేర్చుకోవడానికి ప్రైవేటు బ్యాంకుల గుమ్మం ఎక్కవలసిందే.

బేరం లేని సంత

సామాన్య ఉద్యోగమయితే, ఒకచోట 75,000 ఇస్తామన్నారని చెప్పి రెండవచోట బేరమాడవచ్చు. రెసిడెన్సీలో ఆ వీలు లేదు. విద్యార్థులు తమ జాబితాలు, ఆసుపత్రులు తమ జాబితాలు విడివిడిగా పంపితే కంప్యూటరు వాటిని జతపరుస్తుంది. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే యిద్దరు గణితవేత్తలు 1962లో ఒక వ్యాసంలో పెళ్లి సంబంధాలను ఉదాహరణగా తీసుకుని చూపించిన సూత్రం దీనికి మూలం. ఏ జతలోని వారికీ, వేరే జతలోని వారితో లేచిపోతే బాగుండునని ఉభయులకూ అనిపించకుండా అందరినీ జతపరచడం సాధ్యమేనని వారు నిరూపించారు. వైద్య రెసిడెంట్లకు 1952 నుంచి నడుస్తున్న పద్ధతి దాదాపు అదేనని ఆల్విన్ రాత్ తరువాత కనిపెట్టాడు. షాప్లీ, రాత్‌లకు 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. గేల్ 2008లోనే గతించాడు.

ఈ సూత్రంలో విద్యార్థికి పనికివచ్చే సుగుణమొకటి వుంది. తనకు నిజంగా ఏది యిష్టమో దానినే మొదట రాయడం అన్నివిధాలా క్షేమం. 'ఆ ఆసుపత్రి నన్నెలాగూ తీసుకోదు, దాన్ని మొదట రాస్తే రెండోది కూడా చేజారుతుంది' అనే భయం నిరాధారం. మొదటిది తప్పిపోయినందువల్ల రెండవదానిలో అవకాశం ఏమాత్రం తగ్గదు. కనుక ఎత్తులు వేయనక్కరలేదు. ఒక్క చిక్కు మాత్రం వుంది. నిజంగా ఏది యిష్టమో తనకు తెలిసివుండాలి. జీతానికి, అద్దెకు, అమ్మానాన్నల ఊరికి, నేర్చుకునే పనికి తన మనసులో ఎంతెంత విలువ వుందో ముందుగానే తేల్చుకోవాలి. గణితం ఆ పని చేసిపెట్టదు.

బేరం లేకపోవడం జీతాలను అణచివేస్తోందని కొందరు వైద్యులు 2002లో దావా వేశారు. అమెరికా కాంగ్రెసు 2004లో చట్టం చేసి ఆ పద్ధతికి గుత్తనిరోధక చట్టాల నుంచి రక్షణ కల్పించింది. అప్పటినుంచి పోరాటం జతపరిచే చోటునుంచి ఆసుపత్రి లోపలికి మారింది. 2023 మేలో న్యూయార్కులోని క్వీన్సు ప్రాంతపు ఎల్మ్‌హర్స్ట్ ఆసుపత్రిలో వైద్య రెసిడెంట్లు మూడు రోజులు సమ్మె కట్టారు. అదే యాజమాన్యం కింద మన్‌హాటన్‌లో పనిచేసేవారికి హెచ్చు జీతమిచ్చి తమకు తక్కువ ఇస్తున్నారన్నది వారి ఫిర్యాదు. జీతం పెంచుతామన్న ఒప్పందంతో అది ముగిసింది. రెసిడెంట్లు సైతం కార్మికులేనని అంతకుముందు సుప్రీంకోర్టే మరొక సందర్భంలో చెప్పింది. వారు విద్యార్థులు గనుక సాంఘిక భద్రతకు 7.65 శాతం కోత వుండరాదన్న వాదన 2011 జనవరిలో అక్కడ వీగిపోయింది. ఉద్యోగులుగా పన్ను కడుతున్నవారు ఉద్యోగులుగానే జీతం అడుగుతున్నారు.

యాభై లక్షల భ్రమ

తెలుగు కుటుంబాలకు యీ విషయం దూరపుది కాదు. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు వంటి చోట్ల బి.డి.యస్. చదివినవారు ఏటా పెద్దసంఖ్యలో అమెరికా దారి పడుతున్నారు. ఎం.బి.బి.యస్. చదివినవారు పరీక్షలు నెగ్గి తిన్నగా రెసిడెన్సీలోకి ప్రవేశిస్తారు. దంతవైద్యులకు ఆ దారి అంత తిన్ననిది కాదు. చాలా రాష్ట్రాలలో లైసెన్సు కావాలంటే అమెరికా దంతకళాశాలలో మళ్లీ రెండు మూడేళ్లు చదివి అక్కడి పట్టా పుచ్చుకోవాలి. ఆ చదువుకు ఫీజులే లక్షన్నర, రెండు లక్షల డాలర్లను మించే కళాశాలలు అనేకం. విదేశీ విద్యార్థికి అమెరికా ప్రభుత్వ రుణం దొరకదు. ఇక్కడి ఇల్లో పొలమో తాకట్టుపడుతుంది, లేదా అక్కడి బంధువు ఎవరైనా పూచీ సంతకం చేస్తారు.

అటువంటి యింటికి 'అబ్బాయికి ఆసుపత్రిలో సీటు వచ్చింది, ఏటికి అరవై వేల డాలర్లు' అని ఫోను వస్తే మొదట జరిగే పని గుణకారం. డాలరును ఎనభై అయిదో తొంభయ్యో రూపాయలతో హెచ్చవేస్తే యాభై లక్షలు దాటుతుంది. సాయంత్రానికి ఆ అంకె బంధువులందరికీ చేరుతుంది, పెళ్లి సంబంధాలు కూడా దాని వెంబడే వస్తాయి. కాని ఆ అబ్బాయి రూపాయల్లో అద్దె కట్టడు. పన్నులు, అద్దె, తిండి పోగా నెలకు వెయ్యి, పదిహేను వందల డాలర్లు మిగిలితే గొప్ప. ఇంటిమీద తెచ్చిన అప్పుకు వడ్డీ అందులోనుంచే రావాలి. సంపాదించేచోటి రూపాయి వేరు, ఖర్చయ్యేచోటి రూపాయి వేరు అని పెద్దలకు తెలియక కాదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు జీతాన్ని పల్లెటూరి ధరలతో కొలిచి మురిసిపోయిన అనుభవం ప్రతి యింట్లోనూ వుంది. డాలరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ జ్ఞానం ఎటో పోతుంది.

విదేశీ విద్యార్థికి అనుకూలించే అంశం ఒకటుంది. విద్యార్థి వీసా మీద వున్నవారికి మొదటి అయిదు సంవత్సరాలు సాంఘిక భద్రతా కోత సాధారణంగా వుండదు. 75,000 మీద అది 5,700 డాలర్లకు పైమాట. ప్రతికూలమైనది మరొకటి. కొన్ని ఆసుపత్రులు వీసా పూచీ తీసుకోవు, కనుక జాబితా ఆరంభంలోనే సగమైపోతుంది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన తరువాత ఆ పూచీ మరింత అరుదయింది. అటువంటివారికి ఊరూ జీతమూ ఎంచుకునే ప్రశ్న రెండోది, తలుపు తెరిచివుందా అన్నది మొదటిది.

మనదేశంలో ఎం.డి.యస్.కు వెళ్లేవారు యీ లెక్కను మరో రూపంలో చేస్తూనే వున్నారు. 2017 నుంచి దేశమంతటా ఒకే ప్రవేశపరీక్ష. చదువు మూడేళ్లు. ప్రభుత్వ కళాశాలలో స్టైపెండు వస్తుంది, అది రాష్ట్రానికొక తీరుగా వుంటుంది. ప్రైవేటు కళాశాలలో లక్షలు పోయాలి. ఢిల్లీలో హెచ్చు స్టైపెండుకు చేరాలా, సొంత ఊళ్లో అమ్మ చేతి భోజనం తింటూ తక్కువకు చేరాలా అన్న తర్జనభర్జన అమెరికా విద్యార్థి కాగితానికి సరిగ్గా తోబుట్టువే.

పని ఎంత, నేర్పు ఎంత

ఇంతా చేసి పై ఉదాహరణలో రెండు ఊళ్ల మధ్య మిగులు తేడా ఏడాదికి ఏడెనిమిది వేల డాలర్ల దరిదాపే. ఆ తేడాకు మించిన తేడా శిక్షణలో వుండవచ్చు. చిగురులో కూరుకుపోయిన జ్ఞానదంతాలు తీయడం, ఇంప్లాంట్లు పెట్టడం, నరం ద్వారా మత్తునివ్వడం, ముదిరిన జబ్బులున్న రోగిని ధైర్యంగా కుర్చీలో కూర్చోబెట్టడం, వీటిలో ఏవి తన చేతితో ఎన్నిసార్లు చేస్తాడన్నదానిపై తరువాతి ముప్పయ్యేళ్ల సంపాదన ఆధారపడుతుంది. హెచ్చు జీతమిచ్చే ఆసుపత్రి కొన్నిచోట్ల జీతానికి తగ్గ చాకిరీ చేయించుకుని, చెక్కుడు పళ్లను నింపడం, పళ్లు పీకడం తప్ప మరేమీ నేర్పదు. ఇంకొకచోట తక్కువ జీతానికే సహాయకురాలిని పక్కన నిలబెట్టి పెద్దపనులన్నీ అప్పగిస్తారు. ఈ సంగతి ప్రకటనల్లో దొరకదు. నిరుడు అక్కడ పనిచేసినవారిని ఒకరిద్దరిని అడగాలి. వారు ఎన్ని ఇంప్లాంట్లు పెట్టారో, రాత్రి ఎన్నిసార్లు లేచారో, ఎక్కడ కాపురమున్నారో, ఎంత అద్దె కట్టారో నిర్మొహమాటంగా చెబుతారు. జవాబులో మొదటి రెండు అంకెలు స్టైపెండుతో పాటు రాసుకోదగినవి.

తరువాత ఏ రాష్ట్రంలో స్థిరపడాలన్నదీ ముందే చూసుకోవాలి. న్యూయార్కులో వైద్యం చేయదలచినవాడికి ఆ ఏడాది ఎలాగూ తప్పదు, కనుక వదులుకున్న ఆదాయం గురించిన బెంగ అతడికి లేదు. టెక్సాసులో క్లినిక్కు పెట్టదలచినవాడు ఆ ఏడాదిని నేర్పు కోసమే కొనుక్కుంటున్నాడు, ధర సరిగా చూసి కొనుక్కోవాలి.

ఎవరూ ముందుగా హెచ్చరించని ఖర్చు ఒకటి మిగిలింది. ఫలితాలు జనవరిలో వస్తాయి, మేలో పట్టా, జూన్ ఆఖరున గాని జులై ఒకటిన గాని పని మొదలు. మొదటి జీతం చేతికి వచ్చేది జులై నడుమనో నెలాఖరుకో. ఈలోగా కొత్త ఊళ్లో మొదటి నెల అద్దె, అడ్వాన్సు ఒకేసారి చెల్లించాలి. న్యూయార్కులో యజమాని పెట్టుకున్న దళారికి అద్దెదారు రుసుము కట్టనక్కరలేదని 2025 జూన్‌లో నియమం వచ్చింది గనుక ఆ భారం మాత్రం కొంత తగ్గింది. రాష్ట్రపు అనుమతిపత్రానికి రుసుము వుంటుంది. మత్తుమందులు రాసేందుకు కేంద్ర లైసెన్సు విడిగా తీసుకోవలసి వస్తే మూడేళ్లకు 888 డాలర్లు. సామాను లారీకో, విమానం టిక్కెట్టుకో మరికొంత. మెంఫిస్ అయితే కారు కావాలి. విద్యార్థి రుణం మేతోనే ఆగిపోయివుంటుంది. అందుకే అనుభవజ్ఞులయిన సీనియర్లు, ఫలితం తెలిసిన మర్నాడే కొత్త రెసిడెంటును అడిగే మొదటి ప్రశ్న ఊరి గురించీ కాదు, జీతం గురించీ కాదు. జూన్ నెలకు నాలుగైదు వేల డాలర్లు విడిగా పెట్టావా అని.